విక్టోరియా ప్లజెన్: ఆటగాళ్లను పుట్టించిన ఊరు వాళ్లను నిలుపుకోవడం ఎలా నేర్చుకుంది

2003లో యూరప్ అత్యుత్తమ ఫుట్‌బాల్ ఆటగాడికి ఇచ్చే బాలన్ డోర్ అవార్డు పావెల్ నెద్వెద్‌కు వచ్చింది. 2012 మే 19న మ్యూనిక్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో చెల్సీ గోల్‌కీపర్ పీటర్ చెక్ ఎక్స్‌ట్రా టైమ్‌లో బాయెర్న్ మ్యూనిక్ ఆటగాడు రాబెన్ కొట్టిన పెనాల్టీని ఆపాడు. తర్వాత షూటౌట్‌లో మరో రెండు ఆపాడు. ఆ రాత్రి చెల్సీ తొలిసారి యూరప్ ఛాంపియన్ అయింది. ఈ ఇద్దరూ చిన్నప్పుడు ఆట నేర్చుకున్నది చెక్ దేశపు పడమటి కొసన ఉన్న ప్లజెన్ అనే ఊళ్లో, ఒకే క్లబ్బులో. కానీ ప్లజెన్ చొక్కా వేసుకుని పై డివిజన్‌లో ఈ ఇద్దరిలో ఎవరూ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

విక్టోరియా ప్లజెన్ క్లబ్ చరిత్రను అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి దారి లేదు. ఈ ఊరికి ప్రతిభ ఎప్పుడూ కరువు కాలేదు, పుట్టిన ప్రతిభ ఊళ్లో నిలవలేదు, అంతే. 1911లో మొదలైన క్లబ్బు మొదటి లీగ్ టైటిల్ గెలవడానికి సరిగ్గా వందేళ్లు పట్టింది. ఆ తర్వాత పదకొండేళ్లలో మరో ఐదు గెలిచింది. వందేళ్లలో ఒక్కటీ రాకపోవడానికి, పదకొండేళ్లలో ఐదు రావడానికి మధ్య ఏం మారిందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

ముందు ఊరి సంగతి. ప్లజెన్‌ను జర్మన్లు పిల్సెన్ అంటారు. ప్రపంచమంతా తాగే బంగారు రంగు 'పిల్స్‌నర్' బీరుకు ఆ పేరు ఈ ఊరి వల్లే వచ్చింది. 1842లో యోసెఫ్ గ్రోల్ అనే బవేరియా బ్రూవర్ ఇక్కడే మొదటిసారి దాన్ని కాచాడు. ఊరికి రెండో ఆధారం ఇనుము. 1859లో ఒక జమీందారు పెట్టిన ఫ్యాక్టరీని 1869లో ఎమిల్ స్కోడా అనే ఇంజనీరు కొన్నాడు. అదే తర్వాత మధ్య యూరప్‌లోనే అతి పెద్ద ఆయుధ, యంత్ర కర్మాగారాల్లో ఒకటైంది.

స్కోడా అనగానే మన దగ్గర రోడ్ల మీద తిరిగే కారు గుర్తొస్తుంది. ఆ కార్లు తయారయ్యేది ప్లజెన్‌లో కాదు, మ్లాదా బొలెస్లావ్ అనే మరో ఊళ్లో. అక్కడి కార్ల కంపెనీని స్కోడా 1925లో కొనుక్కుంది, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అది వేరుపడింది. ప్లజెన్ స్కోడా అంటే టర్బైన్లు, రైలింజన్లు, ట్రాములు, ఫిరంగులు. నిజానికి తెలుగువాళ్లకు కారు కంటే ముందే ఈ స్కోడా పరిచయం. హైదరాబాద్ శివార్లలోని రామచంద్రాపురం బీహెచ్ఈఎల్ ప్లాంట్ 1960ల్లో చెకోస్లోవేకియా సాంకేతిక సహకారంతో వచ్చింది. తొలినాళ్లలో అక్కడ తయారైన విద్యుత్ టర్బైన్లు స్కోడా డిజైన్‌వే. ఫ్యాక్టరీ చుట్టూ ఒక టౌన్‌షిప్, దానికో బడి, ఆసుపత్రి, ఆట మైదానం, అన్నిటి మీదా కంపెనీ పేరు. ఆ వాతావరణం తెలిసినవాళ్లకు ప్లజెన్ క్లబ్ కథ కొత్తగా అనిపించదు.

1911లో పెట్టినప్పుడు క్లబ్బు పేరు ఎస్.కె. విక్టోరియా ప్లజెన్. 1920ల చివరికి ప్రొఫెషనల్ క్లబ్ అయింది. 1930ల్లో చెకోస్లోవేకియా లీగ్‌లో గౌరవంగానే ఆడింది. 1935లో మిట్రోపా కప్‌కు వెళ్లింది. మధ్య యూరప్ దేశాల మేటి క్లబ్బులు ఆడుకునే ఆ టోర్నీ అప్పట్లో ఇప్పటి ఛాంపియన్స్ లీగ్ లాంటిది. అక్కడ యువెంటస్ ఎదురైంది. సొంత ఊళ్లో డ్రా చేసుకుని, ఇటలీ వెళ్లి ఓడిపోయింది. తర్వాత యుద్ధం వచ్చింది.

1945 ఏప్రిల్ 25న అమెరికా విమానాలు స్కోడా ఫ్యాక్టరీ మీద బాంబులు వేశాయి. పదకొండు రోజుల తర్వాత, మే 6న, అదే అమెరికా సైన్యం ప్లజెన్‌కు విముక్తి తెచ్చింది. దేశంలో ఎక్కువ భాగాన్ని సోవియట్ ఎర్ర సైన్యం విడిపిస్తే, ఇక్కడికి మాత్రం జనరల్ ప్యాటన్ సేనలు వచ్చాయి. 1948లో కమ్యూనిస్టులు అధికారంలోకి వచ్చాక నలభై ఏళ్లపాటు ఆ సంగతిని పైకి చెప్పుకోనివ్వలేదు. పేరు మార్చడం, గుర్తు చెరపడం ఆ ప్రభుత్వానికి అలవాటైన పని. ఫుట్‌బాల్ క్లబ్బు కూడా తప్పించుకోలేకపోయింది.

1949లో విక్టోరియా అన్న మాట పోయి సోకోల్ స్కోడా ప్లజెన్ అయింది. 1952లో ఫ్యాక్టరీకే లెనిన్ పేరు పెట్టడంతో క్లబ్బు సోకోల్ జ్విల్ అయింది. జ్విల్ అంటే వ్లదీమిర్ ఇల్యిచ్ లెనిన్ కర్మాగారం అన్న నాలుగు చెక్ మాటల మొదటి అక్షరాలు. 1953లో దేశంలోని క్రీడా సంఘాలన్నిటినీ వృత్తుల వారీగా విడగొట్టారు. గని కార్మికుల క్లబ్బులకు బానిక్, ఇంజనీరింగ్ కార్మికుల క్లబ్బులకు స్పార్తాక్ అని పేర్లు పెట్టారు. ప్లజెన్ క్లబ్బు అప్పుడు స్పార్తాక్ ఎల్‌జెడ్ అయింది. ఎల్ అంటే ఇక్కడా లెనినే. 1965లో టి.జె. స్కోడా ప్లజెన్ అయింది. పాత పేరు తిరిగి రావడానికి 1993 దాకా ఆగాల్సి వచ్చింది.

ఈ పేర్ల మధ్యలో ఒక తేదీ ఉంది. 1953 జూన్ 1. దానికి రెండు రోజుల ముందు ప్రభుత్వం కరెన్సీ మార్పిడి ప్రకటించింది. మనిషికి 300 క్రౌన్ల దాకా పాత ఐదుకు కొత్త ఒకటి, అంతకు మించి చేతిలో ఉంటే పాత యాభైకి కొత్త ఒకటి. కష్టపడి దాచుకున్నవాళ్ల డబ్బు రాత్రికి రాత్రి చిత్తు కాగితమైంది. ప్లజెన్‌లో లెనిన్ కర్మాగారం కార్మికులు పని ఆపి ఊరి నడిబొడ్డుకు నడిచారు, టౌన్ హాల్‌ను స్వాధీనం చేసుకున్నారు. సాయంత్రానికల్లా తిరుగుబాటును అణిచేశారు, వందల మందిని అరెస్టు చేశారు. సోవియట్ కూటమిలో కార్మికులే కార్మిక ప్రభుత్వం మీద తిరగబడిన తొలి ఘటనల్లో ఇదొకటి. తూర్పు బెర్లిన్ కార్మికులు వీధుల్లోకి వచ్చింది ఇంకో రెండు వారాలకు. ఆ ఏడే ఊరి జట్టు చొక్కా మీద లెనిన్ పేరులోని అక్షరం మిగిలింది. ఆ జట్టు ఆట చూడ్డానికి వచ్చేది ఆ ఫ్యాక్టరీ మనుషులే. క్లబ్బు పేరు ఊరిది కాకుండా పోవడం అంటే ఏమిటో వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక ఆట. సోషలిస్టు కాలంలో అధికారికంగా ప్రొఫెషనల్ ఆటగాడు అనే మాటే లేదు. ఆటగాళ్లు కాగితం మీద ఫ్యాక్టరీ ఉద్యోగులు. స్కోడా పెద్ద ఫ్యాక్టరీ కాబట్టి క్లబ్బుకు మైదానం, జీతాలు, ప్రయాణ ఖర్చులు లోటు లేకుండా ఉండేవి. అయినా పై డివిజన్‌లో కుదురుగా నిలబడలేకపోయింది, పైకీ కిందికీ తిరుగుతూనే ఉండేది. దీనికి ఫ్యాక్టరీని తప్పు పట్టలేం. అసలు చిక్కు సైన్యంతో వచ్చింది.

చెకోస్లోవేకియాలో మగపిల్లలందరికీ సైనిక సేవ తప్పనిసరి. బాగా ఆడే కుర్రాడికి పద్దెనిమిది, పంతొమ్మిది వచ్చేసరికి ప్రాగ్‌లోని సైన్యం క్లబ్బు డుక్లా పిలుపు పంపేది. వేరే ఊరి క్లబ్బు దాన్ని అడ్డుకునే వీల్లేదు. సేవ ముగిసేసరికి ఆ కుర్రాడు ప్రాగ్‌కు అలవాటు పడిపోయేవాడు, అక్కడి పెద్ద క్లబ్బులు స్పార్టానో స్లావియానో అతన్ని అక్కడే ఆపేసేది. నెద్వెద్ కథ అచ్చంగా ఇదే. జర్మనీ సరిహద్దు దగ్గరి స్కల్నా అనే చిన్న ఊరి పిల్లాడు. స్కోడా ప్లజెన్ కుర్రాళ్ల జట్టులో ఎదిగాడు. సైనిక సేవకు డుక్లాకు వెళ్లాడు, అక్కణ్నుంచి స్పార్టాకు, అక్కణ్నుంచి లాజియో, యువెంటస్. ప్లజెన్‌కు మిగిలింది జ్ఞాపకం.

ఆ రోజుల్లో ఒక్కసారి మాత్రం ప్లజెన్ పేరు బయటి దేశాల్లో వినిపించింది. 1971లో చెకోస్లోవేకియా కప్ ఫైనల్లో స్పార్తాక్ ట్రనావా చేతిలో ఓడింది. కానీ ట్రనావా లీగ్ కూడా గెలిచి ఛాంపియన్ల టోర్నీకి వెళ్లడంతో కప్ విన్నర్స్ కప్‌లో చోటు ప్లజెన్‌కు దక్కింది. ఎదురైంది బాయెర్న్ మ్యూనిక్. బెకెన్‌బావర్, గెర్డ్ ముల్లర్, సెప్ మాయెర్ ఉన్న జట్టు అది. ప్లజెన్‌లో 0-1, మ్యూనిక్‌లో 1-6. మళ్లీ అలాంటి మ్యాచ్ కోసం ఊరు చాలా ఏళ్లు కాచుకుంది.

కమ్యూనిజం పోయాక పరిస్థితి బాగుపడాలి కదా అనిపిస్తుంది. కానీ జరిగింది వేరు. డుక్లా పిలుపు పోయింది, దాంతోపాటే ఫ్యాక్టరీ అండ కూడా పోయింది. స్కోడా ఇప్పుడు లాభనష్టాలు చూసుకునే కంపెనీ, అదీ కష్టాల్లో ఉన్న కంపెనీ. విక్టోరియా 1999లో కిందికి పోయి 2000లో పైకి వచ్చింది. 2001లో కిందికి, 2003లో పైకి. 2004లో కిందికి, 2005లో పైకి. ఆ కాలంలోనే పీటర్ చెక్ ప్లజెన్ కుర్రాళ్ల జట్టు నుంచి క్మెల్ బ్లషానీకి వెళ్లిపోయాడు. బ్లషానీ అంటే వెయ్యి మంది కూడా లేని పల్లె, అయినా పై డివిజన్‌లో ఆడుతోంది. ప్లజెన్‌లోనే పుట్టి పెరిగిన కుర్రాడు పెద్ద ఆట కోసం ఊరొదిలి ఒక పల్లెకు పోవాల్సి వచ్చిందంటే క్లబ్బు ఎంత దిగజారిందో ఊహించుకోవచ్చు.

ఇంకో వివరం. 1997 నుంచి 2014 దాకా చెక్ పై డివిజన్ పేరు గాంబ్రినస్ లీగ్. గాంబ్రినస్ ప్లజెన్‌లో తయారయ్యే బీరు. దేశంలో ప్రతి జట్టూ ఆడే లీగ్‌కు ప్లజెన్ బీరు పేరు ఉంది, ప్లజెన్ జట్టుకు మాత్రం ఆ లీగ్‌లో నిలకడగా చోటు కూడా లేదు. మ్యాచ్ రోజు బ్రూవరీకి దగ్గర్లోనే ఉన్న స్టేడియానికి నడిచి వెళ్లే అభిమానికి ఇదెంత బాధగా ఉండేదో!

మార్పు 2008లో మొదలైంది. ఆ ఏడు శరదృతువులో పావెల్ వర్బా కోచ్‌గా వచ్చాడు. అంతకు ముందు పక్కదేశం స్లోవేకియాలో జిలినా జట్టును ఛాంపియన్‌గా నిలిపినవాడు. క్లబ్ వ్యవహారాలు చూసే అడోల్ఫ్ షాడెక్‌తో కలిసి అతను చేసిన పని వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. పెద్ద ధర పెట్టి కుర్ర స్టార్లను కొనే డబ్బు లేదు కాబట్టి, ప్రాగ్ క్లబ్బులు ఇక పనికిరారని వదిలేసినవాళ్లను తెచ్చుకున్నారు.

వాళ్లలో ముఖ్యుడు పావెల్ హోర్వాత్. స్లావియా, స్పార్టా, స్పోర్టింగ్ లిస్బన్, గలతసరాయ్, జపాన్‌లో విస్సెల్ కోబే అన్నీ ఆడేసి 2008లో ప్లజెన్ వచ్చేసరికి అతనికి 33 ఏళ్లు. ఒళ్లు కాస్త బొద్దు, పరుగు నెమ్మది. కానీ బంతి ఎక్కడికి పోవాలో మైదానంలో మిగతా ఇరవై ఒక్క మంది కంటే ముందు అతనికి తెలిసేది. వర్బా అతన్ని మిడ్‌ఫీల్డ్ మధ్యలో నిలబెట్టి, అతని చుట్టూ బాగా పరుగెత్తేవాళ్లను పేర్చాడు. ప్లజెన్‌లోనే పుట్టి స్పార్టాకు వెళ్లిన లెఫ్ట్ బ్యాక్ డేవిడ్ లింబెర్‌స్కీ ఊరికి తిరిగొచ్చాడు. స్పార్టా నుంచే డానియెల్ కోలార్జ్ వచ్చాడు. వాళ్ల పక్కన పెత్ర్ యిరాచెక్, వాట్స్‌లావ్ పిలార్జ్, వ్లదిమీర్ దరిదా లాంటి కుర్రాళ్లు. ముదురు బుర్ర, కుర్ర కాళ్లు. రెండు బ్యాక్‌లూ పైకి దూసుకుపోయే దాడి ఆట. వందేళ్లుగా ఊరి నుంచి మనుషులు ప్రాగ్‌కు పోవడమే చూసిన ప్లజెన్, ఆ దారిని మొదటిసారి వెనక్కి తిప్పింది. ఈ క్లబ్ చరిత్రలో అన్నిటికంటే గొప్ప నిర్ణయం ఇదే అనాలి.

2010లో చెక్ కప్ వచ్చింది. 2011లో లీగ్ టైటిల్, స్పార్టా కంటే ఒక్క పాయింటు ఎక్కువతో. అదీ క్లబ్బు వందో ఏట.

ఆ వేసవిలో అర్మేనియా జట్టు ప్యూనిక్‌ను, నార్వే రోజెన్‌బోర్గ్‌ను, డెన్మార్క్ కోపెన్‌హాగెన్‌ను దాటి ప్లజెన్ ఛాంపియన్స్ లీగ్ గ్రూప్ దశకు చేరింది. సొంత స్టేడియం బాగుచేతలో ఉంది కాబట్టి హోమ్ మ్యాచ్‌లు ప్రాగ్‌లో, స్లావియా మైదానంలో ఆడింది. గ్రూపులో బార్సిలోనా, మిలాన్, బెలారూస్ జట్టు బాటే. ప్రాగ్‌లో బార్సిలోనా 4-0తో గెలిచింది. మెస్సీ హ్యాట్రిక్ కొట్టాడు, బార్సిలోనా తరఫున అతని రెండొందల గోల్ ఆ రాత్రే వచ్చింది. కానీ ప్లజెన్ గుర్తుపెట్టుకున్నది చివరి మ్యాచ్. మిలాన్ 2-0తో ముందుంది, 89వ నిమిషం దాకా కదలిక లేదు. అప్పుడు బిస్త్రోన్ ఒకటి, ఇంజురీ టైమ్‌లో ద్యురిష్ ఇంకొకటి కొట్టారు. 2-2. ఐదు పాయింట్లతో మూడో స్థానం.

ఆర్నెల్ల తర్వాత యూరో 2012లో చెక్ జట్టు క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లింది. ఆ టోర్నీలో చెక్ దేశం కొట్టిన గోల్స్ నాలుగు. పిలార్జ్ రెండు, యిరాచెక్ రెండు. నాలుగూ బార్సిలోనా, మిలాన్‌లతో ఆడిన ఆ ప్లజెన్ జట్టు కుర్రాళ్లవే.

ఆ తర్వాత గెలుపులకు లెక్క చెప్పడం తేలికే. 2013, 2015, 2016, 2018, 2022లో టైటిళ్లు. 2012 శరదృతువులో, యూరప్‌లో రెండో స్థాయి టోర్నీ అయిన యూరోపా లీగ్‌లో అట్లెటికో మాడ్రిడ్‌ను వెనక్కి నెట్టి గ్రూపులో మొదటి స్థానం, ఆ తర్వాతి ఫిబ్రవరిలో నాపోలీని వాళ్ల ఊళ్లోనే 3-0తో ఓడించడం. 2013 చివర్లో వర్బా జాతీయ జట్టు కోచ్‌గా వెళ్లిపోయాడు. అయినా 2015లో మిరొస్లావ్ కౌబెక్, 2016లో కారెల్ క్రెయ్చీ, 2018లో తిరిగొచ్చిన వర్బాయే, 2022లో మిఖల్ బీలెక్ కోచ్‌లుగా ఉండగా టైటిళ్లు వచ్చాయి. ఒక మనిషి గొప్పతనం మీదే నిలబడి ఉంటే క్లబ్బు 2014లోనే కూలిపోయేది.

నిలబెట్టింది డబ్బు తిరిగే తీరు. చెక్ లీగ్‌లో టికెట్ల మీద, టీవీ హక్కుల మీద వచ్చే ఆదాయం పెద్ద దేశాలతో పోలిస్తే చాలా తక్కువ. ఛాంపియన్స్ లీగ్ ప్రధాన దశకు (2024 దాకా అది గ్రూప్ దశ) ఒక్కసారి చేరితే యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్ఏ ఇచ్చే మొత్తం ఇలాంటి క్లబ్బుకు ఏళ్ల తరబడి ఇల్లు నడుపుతుంది. ఆ డబ్బుతో ఉన్న ఆటగాళ్లను నిలుపుకోవచ్చు, వాళ్లతో మళ్లీ లీగ్ గెలవచ్చు, మళ్లీ యూరప్‌కు వెళ్లొచ్చు. చక్రం ఒకసారి తిరిగితే తిరుగుతూనే ఉంటుంది. కానీ మధ్యలో క్వాలిఫయింగ్ మ్యాచ్‌ల టెన్షన్ ఉంది. ఆరు టైటిళ్లలో ప్లజెన్ గ్రూప్ దశకు చేరింది నాలుగుసార్లే. 2015లో మక్కాబీ టెల్ అవీవ్, 2016లో బల్గేరియా జట్టు లుడోగొరెట్స్ అడ్డుకున్నాయి. రెండు మ్యాచ్‌ల్లో ఒక చెడ్డ రోజు వస్తే ఏడాది బడ్జెట్ తలకిందులవుతుంది. ఐరోపాలో చిన్న దేశాల ఛాంపియన్లందరి బతుకూ ఇంతే.

గ్రూప్ దశలో దెబ్బలు కూడా గట్టిగానే తగిలాయి. 2018లో రియల్ మాడ్రిడ్ ప్లజెన్‌లో 5-0తో గెలిచింది. అయినా ఆ ఏడు సీఎస్కేఏను మాస్కోలో, రోమాను సొంత ఊళ్లో ఓడించి ఏడు పాయింట్లతో మూడో స్థానంలో నిలిచింది ప్లజెన్. నాలుగు ప్రయత్నాల్లో అదే మేలైనది. 2022లో బాయెర్న్, బార్సిలోనా, ఇంటర్ ఉన్న గ్రూపులో ఆరుకు ఆరూ ఓడింది. కొట్టినవి 5, ఇచ్చినవి 24. చాలామంది దాన్ని అవమానంగా రాశారు. అది న్యాయం కాదు. పదకొండు వేల ఏడు వందల సీట్ల స్టేడియం ఉన్న క్లబ్బు ఆ మూడింటి పక్కన నిలబడటమే లీగ్ గెలిచి, మూడు క్వాలిఫయింగ్ రౌండ్లు దాటి సంపాదించుకున్న హక్కు. ఆ మరుసటి ఏడు మూడో స్థాయి యూరప్ టోర్నీ అయిన కాన్ఫరెన్స్ లీగ్ గ్రూపులో ఆరుకు ఆరూ గెలిచి, క్వార్టర్ ఫైనల్లో ఫియోరెంటీనాను రెండో మ్యాచ్ ఎక్స్‌ట్రా టైమ్ దాకా లాక్కెళ్లింది. క్లబ్బు అసలు స్థాయిని కొలవాలంటే ఈ రెండు ఏళ్లనూ కలిపి చూడాలి.

ఊరు మాత్రం ఈ మధ్యలో చాలా మారింది. స్కోడా టర్బైన్ల విభాగాన్ని 2009లో దక్షిణ కొరియా కంపెనీ డూసాన్ కొన్నది. ష్ట్రుంట్సొవి సాడీ అనే పాత పేరున్న స్టేడియానికి బాగుచేతల తర్వాత డూసాన్ అరేనా అన్న పేరు వచ్చింది. బ్రూవరీ 2017 నుంచి జపాన్ కంపెనీ అసాహీ చేతుల్లో ఉంది. క్లబ్బు ఇటీవల మిఖాల్ స్త్రనద్ అనే చెక్ ఆయుధ పరిశ్రమ అధిపతి సొంతమైంది. ఒకప్పుడు ఫిరంగులు చేసే ఫ్యాక్టరీ క్లబ్బును పోషించింది, ఇప్పుడు మళ్లీ ఆయుధాల వ్యాపారమే పోషిస్తోంది. ఊరి మనసులో దీని మీద ప్రశ్నలు ఉండటం సహజం, ఉండాలి కూడా. ఒకే యజమాని మీద ఆధారపడిన క్లబ్బు ఎంత సులువుగా జారిపోతుందో 1990ల్లో ప్లజెన్ స్వయంగా చూసింది.

ఆటగాళ్ల విషయంలో వచ్చిన మార్పు మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. యిరాచెక్ వోల్ఫ్స్‌బర్గ్‌కు, దరిదా ఫ్రైబర్గ్‌కు, హ్రొషొవ్‌స్కీ గెంక్‌కు, క్ర్మెన్‌చిక్ బ్రూజ్‌కు వెళ్లారు. అందరూ ముందు ప్లజెన్‌కు టైటిళ్లు తెచ్చి, ఆ తర్వాత మంచి ధరకు వెళ్లినవాళ్లే. తాజాగా పావెల్ షుల్ట్స్. కార్లొవి వారీలో పుట్టి, ప్లజెన్ కుర్రాళ్ల జట్టులో ఎదిగాడు. నెద్వెద్ ఊరు స్కల్నా కూడా అదే జిల్లాల వైపుది. చిన్న క్లబ్బుల్లో అప్పు మీద ఆడి వచ్చి, ప్లజెన్ పెద్దల జట్టులో నిలదొక్కుకుని, గోల్స్ కొట్టి, జాతీయ జట్టులో చోటు సంపాదించాడు. 2025 వేసవిలో ఫ్రాన్స్‌లోని లియోన్ అతన్ని తీసుకుంది. ప్లజెన్ నుంచి నేరుగా లియోన్‌కే వెళ్లాడు, మధ్యలో ప్రాగ్‌లో ఆగలేదు.